మానినోని దగ్గు

చనిపోయిన ఐలయ్య గురించి కంటే బతికున్న అతని తమ్ముడు దశరథం గురించే ఆ పొద్దు వాకిట్లో ఎక్కువ మాటలు నడిచాయి. ఐలయ్య తెల్లవారి లేచి, మంచం మీదే కూర్చుని బీడీ ముట్టించుకుని, టీ తెమ్మని భార్య పోచమ్మను కేకేసి, ఆమె గ్లాసుతో వచ్చేలోగా గోడకు ఆనుకుని పోయాడు. గుండె ఆగిందన్నారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, దవాఖాన గడప తొక్కలేదు, మంచాన పడి ఎవరి చేతా మంచినీళ్లు తాగించుకోలేదు. అట్లాంటి చావు అందరికీ రాదని వచ్చినవాళ్లంతా ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక వాళ్ల చూపులు దశరథం మీదికి తిరిగాయి.

దశరథం అన్న కాళ్ల దగ్గర కూర్చుని దగ్గుతున్నాడు. ఏడుద్దామంటే ఏడుపు కంటే ముందు దగ్గే వస్తోంది. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేదాకా దగ్గి, లేచి గోడ అవతలికి పోయి తెమడ ఉమ్మి, వచ్చి మళ్లీ కూర్చుంటున్నాడు. కాసేపటికి మళ్లీ అదే. ఊపిరితిత్తుల్లో గొట్టాలు చెడిపోయాయని, ఇక బీడీ ముట్టొద్దని డాక్టరమ్మ చెబితే అతను మానేసి నెల కావస్తోంది. మానితే తగ్గాలి కదా. మానిన నాటి నుంచి దగ్గు రెట్టింపయింది. ఈ సంగతి చుట్టాలందరికీ తెలుసు, వాళ్లకు తెలుసని దశరథానికీ తెలుసు.

చావు ఇంటి పళ్లెం తిరుగుతోంది. అందులో బీడీ కట్టలు, అగ్గిపెట్టెలు, తమలపాకులు, వక్కలు ఉన్నాయి. వచ్చినవాళ్లు ఒక బీడీ తీసుకుని ముట్టించుకోవడం మర్యాద. తీసుకోకపోతే ఇంటివాళ్ల మీద మనసులో ఏదో పెట్టుకున్నట్టు లెక్క. పళ్లెం తన ముందుకొచ్చినప్పుడు దశరథం వక్క ముక్క తీసుకున్నాడు. పళ్లెం పట్టుకున్నది పోచమ్మ తమ్ముడు జగన్. అతను ముందుకు కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"తాగినోడు ఒక్కనాడు దగ్గకుంట పోయిండు బావా. మానినోనివి నువ్వు దగ్గుతున్నవ్. గా డాక్టరమ్మ ఏం సదివిందో జర అడుగు."

చావు ఇల్లు కాబట్టి ఎవరూ పైకి నవ్వలేదు. కొందరు మీసాల కింద నవ్వుకున్నారు. దశరథానికి ఒళ్లు మండింది. జవాబు ఉంది గానీ దాన్ని చెప్పడానికి సరిపడా ఊపిరి లేదు. నోరు తెరిస్తే దగ్గే వస్తుంది, దాంతో జగన్ మాటే నెగ్గుతుంది. అందుకని తల దించుకుని వక్క నమిలాడు.

గడ్డానికి గుడ్డ కట్టి పడుకోబెట్టిన అన్న మొహం చూస్తుంటే ఆ కోపం అటు మళ్లింది. ఇద్దరూ ఒకే దుకాణం బీడీలు తాగారు, ఒక్క బీడీనే చేతులు మార్చుకుని తాగిన పొద్దులు ఎన్నో ఉన్నాయి. ఆయనకు ఏమీ కాలేదు. తనకు మాత్రం ఇంటి ముందరి అరుగు ఎక్కితే ఆయాసం, చెప్పులు వేసుకోవడానికి వంగితే ఆయాసం. చచ్చిపోయిన అన్న మీద ఈర్ష్య పడుతున్నానని తెలిసి దశరథం సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డంత మాత్రాన ఈర్ష్య పోలేదు.

మర్నాడు పనికి పోక తప్పలేదు. మైలలో ఉండి పనికి పోతావా అని భార్య కొండమ్మ అడ్డం పడింది. తండ్రి పోతేనే సెలవు, అన్నకు లేదని కాంట్రాక్టరు మనిషి రవీందర్ ఫోన్లోనే తేల్చేశాడు. మూడో రోజు మాత్రం ఎట్లాగో ఒప్పుకున్నాడు, అదీ తన చేతి నుంచి దానం చేసినట్టు.

దశరథం పని ఎయిర్‌పోర్ట్ గోడ వెంట గడ్డి కోయడం. గడ్డి పెరిగితే పురుగు చేరుతుంది, పురుగు కోసం పిట్టలు దిగుతాయి, పిట్టలు దిగితే విమానాలకు ముప్పు. అందుకని అక్కడ గడ్డి ఎప్పుడూ మడమ దాటకూడదు. మిషన్ పట్టీ భుజానికి తగిలించుకుని, తాడు గుంజి ఇంజన్ అందుకునేలా చేసి, పొద్దెక్కేదాకా అటూ ఇటూ ఊపుకుంటూ నడవాలి. తాడు గుంజడం ఒకప్పుడు అతనికి లెక్కలోది కాదు. ఆ రోజు రెండుసార్లు గుంజి, మిషన్ నేల మీద పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి నిలబడ్డాడు. రవీందర్ చూశాడు. మిషన్ వేరేవాళ్లకిచ్చి, కోసిన గడ్డిని పళ్ల కర్రతో గుంజి కుప్పలు చేసే పని అతనికి అప్పజెప్పాడు. తేలిక పని ఇచ్చానని అతని ఉద్దేశం. మిషన్ పనిలో చేతులు నొస్తాయి, కుప్పల పనిలో దుమ్మంతా ముక్కులోకే పోతుంది. ఆ ముక్క చెప్పబోతే రవీందర్ అప్పటికే బండి ఎక్కాడు.

పొద్దెక్కాక అందరూ గోడ నీడకు చేరారు. సద్ది మూటలు విప్పకముందే బీడీలు వెలిగాయి. పొగ తన మీదికి రాకుండా దశరథం గాలి వచ్చే వైపుకు జరిగి కూర్చున్నాడు. కుప్పలు చేసే చంద్రమ్మ అది గమనించింది. ఆమె చుట్ట తాగుతుంది. నోట్లోంచి చుట్ట తీసి, అతని వైపు జాలిగా చూసింది.

"నీ రొమ్ము పొగకు మరిగిందయ్యా. పొగ ఇయ్యకుంటె గిట్లనే తిరగబడ్తది. ఒక్కటి గుంజి సూడు. దగ్గు బందు గాకుంటె నన్నడుగు."

ఆమెను అడగాల్సిన పని లేదు. ఒక్కటి గుంజితే దగ్గు ఆగుతుందని అతనికి బాగా తెలుసు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చంద్రమ్మ చెప్పేది అబద్ధమైతే ఇంత కష్టం లేకపోయేది. దగ్గును ఆపేది బీడీ, దగ్గును పెంచింది బీడీ మానడం. ఇది నెల నుంచి రోజూ కళ్ల ముందు కనబడుతున్న నిజం. డాక్టరమ్మ చెప్పింది మాత్రం ఎక్కడా కనబడని నిజం.

ఆ సాయంత్రం పని దిగి నేరుగా శంషాబాద్ దవాఖానకు పోయాడు. చీటీలో రాసిచ్చిన రోజు కాదు, వరుసలో చోటు లేదు. అయినా తలుపు దగ్గరే నిలబడి దగ్గాడు. ఆ దగ్గు విని డాక్టర్ ప్రేమలత తనే లోపలికి పిలిచింది.

కూర్చోకముందే అడిగేశాడు. "మానమన్నరు, మానిన. ముందటికంటె రెండింతలైంది. మా అన్న సచ్చే పొద్దు గూడ తాగిండు, దగ్గలే. ఇగ మీరే చెప్పున్రి మేడం, నేను మానుడు తప్పా?"

ఆమె ముందు వీపు మీద గొట్టం పెట్టి విన్నది. జ్వరం చూసింది, వేలికి క్లిప్పు తగిలించి చూసింది, తెమడ ఏ రంగులో వస్తోందని అడిగింది. తెల్లగా అన్నాడు. పచ్చగా మారినా, జ్వరమొచ్చినా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా ఆ రోజే రావాలని, ఇప్పుడు మాత్రం జబ్బు పెరగలేదని చెప్పింది. గొట్టాల లోపల కంటికి కనబడని సన్నని నూగు ఉంటుందట. లోపలి చెత్తను పైకి ఊడ్చడం దాని పని. ఇన్నేళ్ల పొగ ఆ నూగును మొద్దు చేసింది. పొగ ఆగింది కాబట్టి అది మెల్లగా లేచి పని మొదలుపెట్టింది, పేరుకున్నదంతా ఎత్తిపోస్తోంది. బీడీ తాగితే దగ్గు ఆగేది లోపల బాగుపడి కాదు, ఊడ్చేవాళ్లను మళ్లీ పడుకోబెట్టడం వల్ల. ఇంకొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు ఇట్లాగే ఉండి తగ్గుతుందని, పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేనని అన్నది.

"గొట్టాలు మల్ల మంచిగైతయా?"

"చెడిపోయింది రాదు."

"రాదంటె ఇగ మానుడెందుకు?"

"మిగిలింది పోకుండ."

ఆ మాట దశరథానికి ఏమాత్రం నచ్చలేదు. నెల రోజులు నాలుక పీకుతుంటే, చేతులు వణుకుతుంటే, నలుగురిలో నవ్వులపాలవుతుంటే దక్కేది ఇదా అనిపించింది. మీ అన్న రొమ్ముకు గొట్టం పెట్టి ఎవరూ వినలేదు కదా, దగ్గలేదంటే బాగున్నాడని కాదు అని కూడా ఆమె అన్నది. ఆ మాట అతను సరిగా వినలేదు.

నెల కిందట రాసిచ్చిన పీల్చే మందు ఎట్లా వాడుతున్నావో చూపించమంది. అతను జేబులోంచి పీల్చే గొట్టం తీసి, అందులో మందు పొడి బిళ్ల వేసి తిప్పి, పెదవుల మధ్య పెట్టుకుని, బుగ్గలు లోపలికి పోయేలా ఒక్క గుంజు గుంజాడు. కాసేపు నోట్లోనే ఉంచి, ముక్కుల్లోంచి తాపీగా వదిలాడు. తెల్లటి పొడి సన్నగా బయటికొచ్చింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"బీడీ తాగినట్టు తాగుతున్నవ్ కదా పెద్దాయనా. మందు నాలుక దాటితేనా?"

నెల రోజుల మందు నోట్లోకి, గాల్లోకి పోయిందన్నమాట. ముందు ఊపిరంతా బయటికి వదలాలని, పెదవులు బిగించి ఒక్కసారి గట్టిగా, లోతుగా లాగాలని, రొమ్ములోనే ఆపి మెల్లగా వదలాలని, తర్వాత నోరు పుక్కిలించాలని ఆమె చేసి చూపించింది. ఇన్నేళ్లు పొగ పీల్చిన తనకు ఈమె పీల్చడం నేర్పుతోందా అని దశరథానికి కోపమొచ్చింది. రెండుసార్లు తప్పు చేసి మూడోసారి సరిగా లాగాడు. పొడి గొంతు దాటి ఎక్కడో కింద తగిలింది. దగ్గొచ్చింది. బయట వరుసలో ఉన్నవాళ్లు లోపలికి తొంగి చూశారు.

ఇంటికొచ్చి చెబితే కొండమ్మ నవ్వింది. నెలంతా నాలుకకు వైద్యం చేయించుకున్నావన్నమాట అంది. అతను కసిరాడు. ఆమె పట్టించుకోలేదు. ఆమె కోపం ఆమెకూ ఉంది. అతని దగ్గుకు నెల నుంచి ఆమెకు నిద్ర లేదు, అయినా ఒక్కసారి కూడా మళ్లీ తాగమనలేదు. లోకంలో ఆ మాట అననిది ఆమె ఒక్కతే.

చీకటి పడకముందు ఐలయ్య కొడుకు శ్రావణ్‌కుమార్ వచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌లో క్యాబ్ నడుపుతాడు. వాకిట్లోనే నిలబడ్డాడు, నోట్లో సోంపు నములుతున్నాడు. అతను సిగరెట్ తాగుతాడని అందరికీ తెలుసు గానీ తండ్రి ముందు గానీ కాకయిన దశరథం ముందు గానీ ఏనాడూ తాగలేదు, తాగొచ్చి దగ్గరగా కూర్చోలేదు. ఆ మర్యాద వల్ల ఎంత తాగుతాడో, ఎట్లా తాగుతాడో దశరథానికి తెలియదు. రేపు మూడో రోజు, బొంద దగ్గర పిట్టకు పెట్టడానికి అన్నీ తయారయ్యాయని శ్రావణ్ చెప్పాడు. మాంసం, గుడ్లు, గారెలు, కల్లు, బాపు దిండు కింద మిగిలిన బీడీలు. బాపుతో జోడీగా తాగినవాడివి నువ్వే కాబట్టి బీడీ నువ్వే ముట్టించి పెట్టాలని అమ్మ చెప్పమంది.

దశరథం సరే అనలేదు, కాదనలేదు. దగ్గు వచ్చింది కాబట్టి ఆ రెండూ అనాల్సిన అవసరం లేకపోయింది.

మూడో రోజు పొద్దున్నే ఐలయ్యను పూడ్చిన బొందలగడ్డకు పోయారు. కొత్త మట్టి మీద పసుపు కుంకుమ చల్లి, మోదుగాకు విస్తరి పరిచి, అందులో ఐలయ్యకు ఇష్టమైనవన్నీ పెట్టారు. ఇక బీడీ మిగిలింది. దశరథం దాన్ని నోట్లో పెట్టకుండా రెండు వేళ్లతో పట్టుకుని ఊదు నిప్పుకు ఆనించాడు. ఆకు కొస ఎర్రబడింది. విస్తరి అంచున పెట్టేలోగా ఆరిపోయింది. మళ్లీ ఆనించాడు, మళ్లీ ఆరింది. బీడీ సిగరెట్ కాదు, పీల్చేవాళ్లు లేకపోతే దానంతట అది కాలదు. వెనక ఎవరో గొణిగారు. అతను ఆరిన బీడీనే విస్తరి మీద పెట్టి లేచాడు.

అందరూ దూరంగా పోయి వేపచెట్టు కింద కూర్చున్నారు. కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ఈ చుట్టుపక్కల కాకులు దొరకడమే కష్టం. వాటిని దిగకుండా చేయడానికి రోజూ గడ్డి కోసేది తనే అని తలుచుకుని దశరథానికి నవ్వు రాబోయి రాలేదు. విమానం ఒకటి తల మీదుగా పోయింది. చాలాసేపటికి ఒక కాకి వచ్చి పక్క సమాధి రాయి మీద వాలింది. మెడ తిప్పి చూసింది, ఒక్క గంతు ముందుకేసింది. దశరథం తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. రొమ్ము లోపల గరగర మొదలైంది. ఆపుకున్నాడు, ఇంకా ఆపుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాక ఒక్కసారిగా బయటపడింది. కాకి ఎగిరిపోయింది.

రెండోసారీ అంతే అయింది. ఎండ ముదిరింది. ముసలివాళ్లు ఆకలికి నసుగుతున్నారు. జగన్ మొదట గొంతు తగ్గించి, తర్వాత తగ్గించకుండా అన్నాడు, ఒక్క బీడీ తాగితే రెండు పనులూ అవుతాయని, ఈయన దగ్గూ ఆగుతుందని, ఆయన ఆత్మా శాంతిస్తుందని. అందరికీ అది మంచి ఉపాయమనిపించింది. దూరం పోయి కూర్చుంటానని దశరథం లేవబోతే, సొంత తమ్ముడు లేకుండా పిట్ట ముడుతుందా అని కూర్చోబెట్టారు. ఉండొద్దంటే పోతాడు, దగ్గొద్దంటే ఏం చేస్తాడు. ఇందులో తన తప్పేమిటో ఒక్కరైనా చెబితే బాగుండుననిపించింది. శ్రావణ్ ఫోన్ వచ్చిందని రోడ్డు మీద ఆపిన క్యాబ్ వైపు పోయాడు.

అప్పుడు పోచమ్మ లేచి దశరథం దగ్గరికొచ్చింది. ఆమె ఏడవడం లేదు. మూడు రోజులకే మొహం ఆరిపోయింది.

"మీ అన్న నీ చేతి బీడీకే సూస్తున్నడేమో దశరథం. ఒక్కటే. నేనెన్నడన్న నిన్నొకటి అడిగిన్నా?"

అడగలేదు. ఈ ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి ఆమె అతనికి పెట్టడమే గానీ అతన్ని ఏమీ అడిగింది లేదు. ఒక్కటే అన్న మాట అతనికి కొత్త కాదు. అంతకుముందు రెండుసార్లు మానాడు, రెండుసార్లూ ఒక్కటే అంటూ మొదలై సాయంత్రానికి కట్ట దాకా పోయింది. ఈసారి పోతే మళ్లీ మానడం తనవల్ల కాదని అతనికి తెలుసు. తెలిసే లేచాడు. కొండమ్మ వైపు చూడలేదు.

విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. కట్టలోంచి కొత్త బీడీ తీశాడు. చేతులు వాటంతట అవే పని చేశాయి. బీడీని వేళ్ల మధ్య దొర్లించి చెవి దగ్గర పెట్టి పొగాకు ఎండిందో లేదో విన్నాడు, కొస నొక్కాడు, పెదవుల మధ్య పెట్టుకున్నాడు. ఆకు రుచి నాలుకకు తగలగానే నోరంతా ఊరింది. నిజం చెప్పాలంటే బాధ కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. నెల రోజులు పళ్లు బిగించుకుని ఉన్న మనిషికి ఇంతమంది కలిసి సెలవు ఇచ్చారు, తప్పు తనది కాదు. ఆ సంతోషం మీద అతనికి అసహ్యం కలిగింది. అగ్గిపుల్ల గీశాడు.

సరిగ్గా అప్పుడే కాకి విస్తరికి బారెడు దూరంలో దిగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అంతలో దగ్గు వినబడింది. కాకి రెక్క విదిలించి లేచిపోయింది.

"ఏంది బావా, జర ఆపుకుంటె ఏమాయె," అన్నాడు జగన్.

వేపచెట్టు కింద అందరూ దశరథం వైపే చూశారు. దశరథం బీడీ నోట్లో పెట్టుకుని, వెలుగుతున్న పుల్ల చేత్తో పట్టుకుని అట్లాగే ఉన్నాడు. అతను దగ్గలేదు.

దగ్గు ఆగలేదు. రోడ్డు వైపు నుంచి వస్తోంది. మొదట పొడిగా రెండు మూడు, తర్వాత రొమ్ము అడుగు నుంచి తోడినట్టు, చివర ఊపిరి అందక సన్నని ఈల. ఆ ఈల దగ్గర దశరథానికి ఒళ్లు జలదరించింది. తన దగ్గులో ఆ ఈల ఎన్నేళ్ల కిందట చేరిందో, చేరినప్పుడు తను ఏమని సర్దిచెప్పుకున్నాడో అతనికి తెలుసు. పుల్ల కాలుతూ వచ్చి వేలికి అంటుకుంది. వదిలేశాడు.

బీడీ నోట్లోంచి తీసి విస్తరి మీద పెట్టాడు. లేచి వదిన ముందు నిలబడి, ముట్టించనని, అన్నకు తిండి పెట్టాం అది చాలని అన్నాడు. ఆమె ఏమనుకుందో చూడటానికి ఆగలేదు. జగన్ వెనక నుంచి ఏదో అంటున్నాడు.

శ్రావణ్ క్యాబ్ అవతలి పక్క, బానెట్ మీద చేతులానించి వంగి ఉన్నాడు. సిగరెట్ కింద పడి పొగ వస్తోంది. కాకను చూడగానే దాన్ని చెప్పు కిందికి తొక్కి, కళ్లు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. నవ్వబోయాడు.

"ఏం లేదు కాకా. పొద్దటి పూట గింతే ఉంటది. దినమంత ఏసీల ఉంటం గదా."

తన దగ్గు మొదలైన రోజుల్లో దశరథం గడ్డి దుమ్ము అనేవాడు. మాట అదే.

"ఎప్పటిసంది?"

శ్రావణ్ వేపచెట్టు కింద తల్లి ఉన్న వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మకు చెప్పకు కాకా."

వేపచెట్టు దగ్గర ఒక్కసారిగా అలికిడి అయింది. ముట్టింది, ముట్టింది అంటున్నారు. అందరూ లేచి చేతులు జోడించారు. దగ్గేవాళ్లిద్దరూ దూరం పోయేసరికి కాకికి దారి దొరికినట్టుంది. కన్న కొడుకూ తోడబుట్టినవాడూ చూడకుండానే ఐలయ్య తిండి తిన్నాడు. శ్రావణ్ అటు పోబోయాడు. దశరథం అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఏదో చెప్పబోతే దగ్గు వచ్చింది. ఈసారి తువ్వాల అడ్డం పెట్టుకోలేదు. నడుం వంచి, తనివితీరా దగ్గి, రోడ్డు పక్కన ఉమ్మి, ఊపిరి అందేదాకా ఆగాడు. అంతసేపూ చెయ్యి వదల్లేదు.

"నాది పోయే దగ్గురా," అన్నాడు. "నీది వచ్చే దగ్గు."

ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ తను దాన్ని నమ్ముతున్నట్టు దశరథానికే తెలియలేదు. శ్రావణ్ తల దించుకున్నాడు. వేపచెట్టు కింద విస్తళ్లు వేస్తున్నారు, జగన్ చెయ్యి ఊపి ఇద్దర్నీ అన్నానికి రమ్మంటున్నాడు. దశరథం క్యాబ్ తలుపు తీసి, శ్రావణ్‌ను ఎక్కమని, శంషాబాద్ దవాఖాన ఇప్పుడు తెరిచే ఉంటుందని చెప్పాడు.